చుక్కలతో సహా

జెరాల్డీన్ నకోజీకి "కుదరదు" అన్న మాట చెవికెక్కదని ఉత్తరపు మంచుసీమలో క్రీ జాతివాళ్ళ ఊరైన మా వేవీ క్రీక్‌లో అందరూ అంటారు. అది నిజం కాదు. ఆమెకు బాగానే వినిపిస్తుంది. విన్నాక స్టవ్ మీద కెటిల్ పెడుతుంది, తీరిగ్గా టీ తాగుతుంది, ఆ తర్వాత లేచి వెళ్ళి తను చేయదలచుకున్న పనే చేస్తుంది. ఈ సంగతి ఆమె మొగుడు ఆంబ్రోజ్ పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టాడు. ఇంట్లో మాటా మాటా వచ్చాక కెటిల్ చప్పుడు వినిపిస్తే చాలు, గొడ్డలి తీసుకుని కట్టెలు కొట్టుకోడానికి బయటికి పోయేవాడు.

ఆమె చిన్నప్పుడు ఊళ్ళో పిల్లలందరినీ పడవెక్కించి తీసుకుపోయినట్టే ఆమెనూ దూరాన ఉన్న హాస్టలు బడికి తీసుకుపోయారు. అక్కడ ఇంగ్లీషు తప్ప ఇంకో మాట నోట్లోంచి రాకూడదు. కిటికీ అద్దానికి పట్టిన మంచు మీద గోటితో తన పేరు క్రీ అక్షరాల్లో రాసుకున్నందుకు వేళ్ళ మీద కొట్టారు. మర్నాడు ఆమె ఇంకో కిటికీ మీద రాసింది. మళ్ళీ కొట్టారు. ఆ బడిలో కిటికీలు చాలానే ఉండేవని ఆమె తర్వాత చెప్పేది.

ఆ అక్షరాలు నేర్పింది ఆమె కూకుమ్, అమ్మమ్మ. వసంతంలో అడవి బాతుల వేటకు గుడారాలేసుకున్నప్పుడు పెనం మీద కాల్చిన బ్యానక్ రొట్టెను మూడు మూలల ముక్కలుగా కోసేది. మొన పైకి పెడితే "ఇ", కిందికి తిప్పితే "ఎ", కుడికి "ఒ", ఎడమకు "అ". సరిగ్గా చదివిన ముక్క తినేయొచ్చు. మా అక్షరాలన్నీ ఇంతే. ఒక బొమ్మ నేర్చుకుంటే దాన్ని నాలుగు దిక్కులకూ తిప్పితే నాలుగు గుణింతాలు వచ్చేస్తాయి. పొల్లులైతే పైన ఎక్కడో చిన్నగా, ఈగ వాలినట్టు ఉంటాయి. నెత్తిన చుక్క పెడితే దీర్ఘం. పక్కన చుక్క పెడితే పలుకే మారిపోతుంది. ఆకలి మీదున్న పిల్లకు ఇదంతా ఒక్క వేటకాలంలో వచ్చేసింది.

పెద్దయ్యాక జెరాల్డీన్ ఊరి వ్యవహారాలు చూసే బ్యాండ్ ఆఫీసు వాళ్ళ పనుల్లో చేరింది. వేసవిలో నీళ్ళ పంపులు, చలికాలంలో ఐసు హాకీ ఆడే రింకు. ఐసు మీద నీళ్ళు పోసి నున్నగా చేసే బండి నడపడం, తలుపులు తాళాలేయడం, ఆటప్పుడు స్కోరు వేయడం ఆమె పని. దక్షిణాన ఏదో పట్నంలో పాత స్టేడియం పడగొడుతూ దాని స్కోరుబోర్డును మా ఊరికి ఇచ్చేశారు. అది చలికాలంలో అడవిలో, గడ్డకట్టిన సరస్సుల మీద వేసే మంచుదారిన లారీలో దుప్పట్లు చుట్టుకుని వచ్చింది. అంకెల కింద పొడుగ్గా ఒక పట్టీ, ఆ పట్టీ నిండా ఏడు వరసల్లో చిన్న చిన్న బల్బులు. మీటలున్న పెట్టె మీద ఇంగ్లీషు అక్షరం నొక్కితే పైన ఆ అక్షరం చుక్కలు చుక్కలుగా వెలుగుతుంది. గోలు పడ్డప్పుడల్లా జనం అటే చూసేవాళ్ళు.

రెండేళ్ళ తర్వాత ఇగ్నేస్ అనే ముసలాయన పోయాడు. ఊళ్ళో సగంమందికి స్కేటింగు నేర్పినవాడు. ఆయన పేరు మీద పోటీలు పెట్టారు. ఆయన భార్య రింకుకు వచ్చి, బోర్డు మీద ఆయన పేరు ఆయనకు వచ్చిన అక్షరాల్లో వేయమని జెరాల్డీన్‌ని అడిగింది. ఇంగ్లీషులో ఉంటే అది మా ఆయనేనని ఎలా అనుకోవడం అంది.

జెరాల్డీన్ బోర్డు తయారుచేసే కంపెనీకి ఫోను చేసింది. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. ఆ పెట్టెలో ఏ అక్షరాలుంటే అవే వస్తాయి, కొత్తవి వేయడం కుదరదు అన్నాడు. ఆమె ఫోను పెట్టేసి కెటిల్ పెట్టింది.

ఆ పెట్టెకు ఇంకో దారి ఉందని ఆమెకు తెలుసు. గోలు పడ్డప్పుడు బోర్డు మీద పక్, అంటే హాకీ బిళ్ళ, దొర్లినట్టు ఒక బొమ్మ వస్తుంది. ఆ బొమ్మ గీయడానికి ఒక్కో బల్బునూ విడిగా వెలిగించొచ్చు, ఆర్పొచ్చు. బొమ్మ గీయగలిగినప్పుడు అక్షరం ఎందుకు గీయలేం? గళ్ళ కాగితాలు, పెన్సిలు తీసుకుని వంటింటి బల్ల దగ్గర కూచుంది.

మొదట ఏడుకు ఏడు గళ్ళలో గీసింది. మా అక్షరాలు తిరిగే అక్షరాలు కాబట్టి నిలువెంతో అడ్డమూ అంతే ఉండాలి. ఇంగ్లీషు అక్షరాల్లాగా సన్నగా ఇరికిస్తే పైకి చూసే "ఇ" బాగానే ఉంటుంది, పక్కకు తిప్పిన "ఒ" నలిగిపోతుంది. ఏడులో చాలా అందంగా వచ్చాయి. మురిసిపోయింది. తర్వాత నెత్తిన చుక్క పెట్టబోతే చోటు లేదు. అన్నీ చెరిపేసి ఐదుకు ఐదులోకి కుదించింది. పైన ఒక వరస చీకటిగా వదిలేస్తే ఏడో వరస చుక్కకు మిగిలింది. అలా కుదించేసరికి "కి"కి, "చి"కి తేడా పోయింది. ఆ రెంటికీ ఉన్న తేడా అల్లా చిన్న వంపు. ఆ వంపు లోపల ఒక్క ఆరిన బల్బయినా మిగలాలి, లేకపోతే రింకు అవతలి గట్టు నుంచి చూసేవాళ్ళకు రెండూ ముద్దే. ఒక్కో అక్షరాన్నీ గీసి, గోడకు అంటించి, వరండా దాటి మెట్ల దాకా వెనక్కి నడిచి, కళ్ళు చికిలించి చూసేది. చలి లోపలికొస్తోందని ఆంబ్రోజ్ గొడవ పెట్టేవాడు.

అసలు చిక్కు చుక్క దగ్గరే వచ్చింది. అక్షరమంతా చుక్కలే అయినప్పుడు, అర్థం మార్చే చుక్క ఏదో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? పైగా పాత బోర్డు, రోజూ ఏదో ఒక బల్బు పోతుంది. చుక్క బల్బు పోతే మాటే మారిపోతుంది.

"చుక్కలు తీసెయ్యవే బాబూ," అన్నాడు ఆంబ్రోజ్. "మా నాన్న ఉత్తరాల్లో ఎప్పుడు పెట్టాడు చుక్కలు? చదివేవాడు చదువుకుంటాడు."

"మీ నాన్న ఓసారి సకహికన్ దగ్గరికి రమ్మని రాశాడు, గుర్తుందా? మనం సరస్సు దగ్గరికెళ్ళి కూచుంటే ఆయన షెడ్డులో మేకులు ఏరుకుంటూ ఉన్నాడు."

సాకహికన్ అంటే సరస్సు. సకహికన్ అంటే మేకు. మధ్యలో ఉన్నది ఒక్క చుక్క. ఆంబ్రోజ్ నవ్వు ఆపుకోలేక టీ బల్ల మీద ఒలకబోశాడు. ఆపైన చుక్కలు తీసెయ్యమని అనలేదు.

చివరికి ఆమె నెత్తి చుక్కకు రెండు బల్బులు పక్కపక్కన పెట్టింది, పక్క చుక్కకు రెండు ఒకదానిమీదొకటి. ఒకటి మాడిపోయినా ఇంకోటి ఉంటుంది. ఐదు గళ్ళ అక్షరం మీద రెండు గళ్ళ చుక్క నట్టనడుమ కూర్చోదు, కొంచెం ఎడమకు ఒరుగుతుంది. టోపీ వంకరగా పెట్టుకున్నట్టుంది అని ఆమెకే నచ్చలేదు. అయినా కళ్ళు సరిగ్గా ఆనని ముసలివాళ్ళకు ఆ వంకర టోపీయే బాగా పనికొచ్చింది.

పోటీల రోజున ఇగ్నేస్ పేరు బోర్డు మీద వెలిగింది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. పై వరసల్లో కూర్చున్న ముసలివాళ్ళు పెదాలు కదుపుతూ చదువుకున్నారు. తర్వాత బింగో ఆట ఆడే హాలు వాళ్ళు అడిగారు, ఆసుపత్రి నర్సులు తలుపు మీదికి అడిగారు. ఆడవాళ్ళు ఆ గళ్ళ కాగితాలు తీసుకుపోయి చేతి తొడుగుల మీద పూసలతో అవే అక్షరాలు కుట్టారు. ఒక పూస, ఒక చుక్క. శ్మశానంలో చెక్క శిలువల మీద డ్రిల్లు మిషనుతో రంధ్రాలు చేసి పేర్లు రాయడం మొదలైంది, చెక్కడం కంటే అదే సులువు. ఎవరూ ఆమెను అనుమతి అడగలేదు. అడగాలని ఆమెకూ తోచలేదు.

ఇదంతా సరదాగా గడిచిన కాలం. అసలు కథ మంచుదారి దగ్గర మొదలైంది.

తర్వాత ఒక చలికాలం మంచుదారి వేసే పని కొత్త కాంట్రాక్టరు చేతికి పోయింది. వాళ్ళ మేనేజరు రాస్ మెకెల్వీ దక్షిణాది మనిషి, నలభై దాటినవాడు, చెడ్డవాడేం కాదు. కాని పైవాళ్ళకు ఫోను చేయకుండా బూట్లు కూడా విప్పేవాడు కాదని ఆంబ్రోజ్ అనేవాడు. ఆంబ్రోజ్ ఆయన కిందే గ్రేడర్ నడుపుతూ దారి చదును చేసేవాడు. మెకెల్వీ చక్రాల మీద నిలబడే దీపాల బోర్డులు రెండు తెప్పించి దారికి అటూ ఇటూ పెట్టించాడు. పసుపుపచ్చ చుక్కల ఇంగ్లీషు అక్షరాలు మైలు దూరానికి కనబడేవి. దారి మధ్యలో పొడుగు సరస్సు ఉంది. ఐసు గట్టిగా ఉన్నప్పుడు దాని మీంచి పోతారు. మెత్తబడితే చుట్టూ అడవి దారిన పోవాలి. ఎప్పుడు ఎటు పోవాలో ఆ బోర్డు చెబుతుంది, ఇంగ్లీషులో.

ఫిబ్రవరిలో మూడు రోజులు ఎండ కాసింది. మెకెల్వీ సరస్సు దారి మూసేశామని బోర్డు మీద వేయించాడు. జెరాల్డీన్ మేనమామ జేవియర్ డెబ్బై దాటిన మనిషి, ఆ పొద్దున దుప్పి మాంసం వెనక కట్టిన స్లెడ్జి మీద వేసుకుని మోటారు మంచుబండి మీద వస్తున్నాడు. బోర్డు పక్కనుంచే వచ్చి సరస్సు మీదికి దిగాడు. మధ్యలో ఐసు విరిగింది. బండీ, స్లెడ్జీ, మాంసం అన్నీ లోపలికి పోయాయి. ఆయన ఎలాగో మోచేతుల మీద పాకి ఒడ్డు చేరాడు. డీజిలు లారీ డ్రైవరు చూసి క్యాబిన్‌లో వేసుకుని ఊరికి తెచ్చాడు. చలికి చచ్చుబడిన ఎడమ కాలి వేళ్ళు తీసేయాల్సొచ్చింది.

జెరాల్డీన్ ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆయన దిండుకు ఆనుకుని సూప్ తాగుతున్నాడు.

"మామా, బోర్డు చూళ్ళేదా?"

"చూశానమ్మా. దీపాలు బాగున్నాయి," అన్నాడు. ఇంకో గుక్క సూప్ తాగి, "ఏం రాసుంది?" అని అడిగాడు.

ఆయన జీవితంలో చదివిందల్లా పాటల పుస్తకం, బంధువుల ఉత్తరాలు, రింకులో బోర్డు. అన్నీ మా అక్షరాలే. ఆమె సూప్ గిన్నె తీసి పక్కన పెట్టి, ఆయన దుప్పటి సర్ది, ఇంటికి పోకుండా తిన్నగా మెకెల్వీ క్యాంపుకు వెళ్ళింది.

మెకెల్వీ జరిగినదానికి నిజంగానే బాధపడ్డాడు. కాఫీ ఇచ్చాడు. బోర్డు మీద క్రీ అక్షరాలు కూడా వేయమంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఏ మాట వేయాలన్నా ఆఫీసు ఒప్పుకోవాలి, ఆఫీసు ప్రభుత్వాన్ని అడగాలి, ఈ చలికాలానికి కుదరదు, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. వచ్చే ఏడు దాకా సరస్సు ఆగుతుందా అని ఆమె అడిగింది.

"చూడండమ్మా, నాకు చదవడం రాని మాట నా బోర్డు మీద ఉండటానికి వీల్లేదు. రేపేదన్నా జరిగితే సంతకం నాది."

"మా మామకు చదవడం రాని మాట ఉండొచ్చా?"

కాఫీకి థాంక్స్ చెప్పి ఆమె వచ్చేసింది.

మర్నాడు, దారి పనివాళ్ళ దగ్గరుండే బోర్డు పెట్టె తాళంచెవిని ఆంబ్రోజ్ జేబులోంచి తీసుకుని, తెల్లవారి అతను గ్రేడర్ ఎక్కకముందే ఒక బోర్డు దగ్గరికి పోయింది. రింకు పెట్టెకూ దీనికీ పెద్ద తేడా లేదు. బొమ్మలు గీసే దారి ఇందులోనూ ఉంది. చేతి తొడుగులు తీసి వేళ్ళు బిగుసుకుపోయేదాకా చుక్క తర్వాత చుక్క నొక్కింది. ఇంగ్లీషును ముట్టుకోలేదు, దాని తర్వాత తన మాట వెలిగేలా పెట్టింది. ఆ రోజు ముసలివాళ్ళు నలుగురైదుగురు మంచుబండ్ల మీద వచ్చి బోర్డు చూసి అడవి దారికి తిరిగారు. సాయంత్రానికి మెకెల్వీకి తెలిసింది. దాన్ని చెరిపేయించి, పెట్టెకు కొత్త తాళం వేసి, చెవి తన మెడలో వేసుకున్నాడు. ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని ఆంబ్రోజ్‌కు చెప్పాడు.

ఆంబ్రోజ్ ఇంటికొచ్చి బూట్లు విప్పాడు. ఆమె మాకరోనీలో డబ్బా మాంసం వేసి కలుపుతోంది. అతను తిడతాడని ఎదురుచూసింది. తిట్టినా మానేది కాదు, అది వేరే సంగతి. అతను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

"అడక్కుండా తాళంచెవి తీశావు," అన్నాడు.

"అడిగితే ఇచ్చేవాడివా?"

"ఇచ్చేవాణ్ణి కాదు." చెంచా నాకి పక్కన పెట్టాడు. "షెడ్డులో ప్లైవుడ్డు ఉంది, పడవకని దాచాను. దానికి కరెంటు అక్కర్లేదు, తాళం అంతకన్నా అక్కర్లేదు. మేకులు కొడితే సరి."

ఆమె ఆ పూట కెటిల్ పెట్టలేదని అతను తర్వాత అందరికీ చెప్పుకున్నాడు.

ప్లైవుడ్డు మీద గళ్ళు గీసి, గడికో మేకు కొట్టారు. మేకుకు తగిలించడానికి గుండ్రటి మూతలు కావాలి. బ్యానక్ కాల్చే ఊళ్ళో బేకింగ్ పౌడర్ డబ్బా మూతలకు కరువేముంది? ఆడవాళ్ళు సంచుల్లో వేసుకొచ్చారు. వాటి మీద బండి దీపాలు పడితే మెరిసే పట్టీ అంటించారు. ఈసారి వంకర టోపీ బెడద లేదు. అక్షరాలకు చిన్న మూతలు, నెత్తి చుక్కకూ పక్క చుక్కకూ పెద్ద కాఫీ డబ్బా మూతలు. ఒక్క చుక్కే, నట్టనడుమ, పున్నమి చంద్రుడిలాగా. తాను గీసినవాటిలో ఇవే ఆమెకు అన్నిటికన్నా నచ్చాయి. ఐసు సంగతి మారితే మూతలు తీసి వేరే మేకులకు తగిలిస్తే మాట మారిపోతుంది.

దాన్ని పొడుగు సరస్సు ఒడ్డున, దారి చీలేచోట నిలబెట్టారు. మర్నాటికి మెకెల్వీ క్యాంపు నుంచి మంచు తోడే లోడర్ యంత్రం వచ్చి పీకేసింది. జెరాల్డీన్ క్యాంపు వెనక చెత్తలోంచి మూతలు ఏరుకుని రెండో బోర్డు చేసింది. అదీ పోయింది. బ్యాండ్ ఆఫీసులో పెద్దలు ఆమెను పిలిచి నచ్చజెప్పారు. కాంట్రాక్టరుతో గొడవ పడితే దారి పని ఆగిపోతుంది, దారి ఆగితే డీజిలు రాదు, ఇళ్ళలో పొయ్యిలు వెలగవు, కాస్త ఓపిక పట్టు అన్నారు. వాళ్ళ భయం తప్పు కాదని ఆమెకు తెలుసు. అందరి మాటా విని ఇంటికొచ్చి టీ తాగింది.

మూడో బోర్డు నిలబెట్టినప్పుడు ఆమె అక్కణ్ణించి కదల్లేదు. మడత కుర్చీ వేసుకుని, మంట పెట్టుకుని, బోర్డు ముందు కూర్చుంది. పొద్దెక్కాక జేవియర్ చంకల్లో కర్రలతో ఎవరి బండి వెనకో కూర్చుని వచ్చాడు. వద్దన్నా వినలేదు. డాక్టరు కాలు ఎత్తి పెట్టుకోమన్నాడట, ఇక్కడా ఎత్తి పెట్టుకోవచ్చుగా అన్నాడు. ఆయన కోసం ఇంకో కుర్చీ, కాలికి ఒక పెట్టె వచ్చాయి. ఆయన వెనక ఆడవాళ్ళు వచ్చారు. ఎవరో ఫ్రీజర్‌లోంచి అడవి బాతు తెచ్చి తాడు కట్టి మంట పక్కన వేలాడదీశారు. అది తిరుగుతూ, కొవ్వు కారుతూ కాలుతోంది. లారీ డ్రైవర్లు ఆగి టీ తాగిపోతున్నారు.

మధ్యాహ్నానికి మెకెల్వీ వచ్చాడు. వెనకాలే లోడర్. దాన్ని నడుపుతున్నది ఆంబ్రోజ్.

జెరాల్డీన్ చేతిలోని టీ కప్పు కింద పెట్టేసింది. లోడర్ నడిపేవాడికి జ్వరమని, పొద్దున్నే ఆంబ్రోజ్‌ని ఎక్కమన్నారని ఆమెకు తెలియదు. అతను ఆమె వైపు చూడలేదు. మెకెల్వీ దిగి, ఇది దారి హద్దులో ఉంది, అనుమతి లేని బోర్డు ఉండకూడదు, అందరూ తప్పుకోండి అని గట్టిగా చెప్పాడు. ఎవరూ లేవలేదు. ఆయన చేత్తో సైగ చేశాడు.

ఆంబ్రోజ్ ఇంజను ఆపేశాడు. నిచ్చెన దిగి వచ్చి తాళంచెవి మెకెల్వీ చేతిలో పెట్టాడు.

"నువ్వు నడుపు. నేను ఈవిడతో కాపురం చెయ్యాలి."

ఆడవాళ్ళు నవ్వారు. మెకెల్వీ నవ్వలేదు. అలాగని లోడర్ కూడా ఎక్కలేదు. తాళంచెవి చేతిలో పట్టుకుని బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు జేవియర్ కర్రతో బోర్డు చూపించి, ఏం రాసుందో చదవమని ఆయన్ని అడిగాడు. జెరాల్డీన్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది.

"నాకు రాదండీ," అన్నాడు మెకెల్వీ.

జేవియర్ తలూపాడు. "నాకూ ఆ రోజు అంతే."

ఆ మాట కూడా ఆమె ఇంగ్లీషులోకి మార్చింది. మార్చేటప్పుడు ఆమె తల దించలేదు. మెకెల్వీ జేవియర్ కాలి వైపు, కట్టు వైపు చూశాడు. ఇచ్చిన టీ తీసుకోకుండా వెళ్ళి తన బండెక్కి క్యాంపుకు పోయాడు. లోడర్ అక్కడే వదిలేశాడు. మర్నాడు పొద్దున ఆంబ్రోజ్‌కు పనిలేదని కబురొచ్చింది.

పడవకని దాచిన ప్లైవుడ్డు పోయింది, ఇప్పుడు ఉద్యోగమూ పోయింది. ఆంబ్రోజ్ దాన్ని తేలిగ్గా తీసుకున్నట్టు కనబడ్డాడు గానీ రెండు రోజులు వలలు ముందేసుకుని ఇల్లు కదల్లేదు. జెరాల్డీన్ క్షమించమని అడగలేదు. అతని పక్కన కూచుని వలలు బాగుచేసింది. మూడో రోజు తుఫాను దిగింది. సముద్రం మీంచి వచ్చిన గాలి దారినంతా మంచుతో పూడ్చేసింది. గ్రేడర్ ఎక్కమని మెకెల్వీ ఊళ్ళో ఒక్కొక్కరినీ అడిగాడు. ఒకడికి నడుం నొప్పి, ఇంకొకడికి పెళ్ళికి వెళ్ళాలి, మరొకడు గ్రేడర్ నడపడం మర్చిపోయాడు. నిన్నటిదాకా నడిపినవాడే. దక్షిణం నుంచి మనిషిని రప్పిద్దామంటే దారి మూసుకుపోయి ఉంది, విమానం ఎగరడం లేదు.

తుఫాను తగ్గిన సాయంత్రం మెకెల్వీ తనే నడిచి నకోజీల ఇంటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, రేపు పనిలోకి వస్తావా అని ఆంబ్రోజ్‌ని అడిగాడు. ఆంబ్రోజ్ తలుపు పూర్తిగా తెరిచి, ఆ మాట తనను కాదు, లోపల ఉన్నావిణ్ణి అడగమన్నాడు.

"బోర్డు?" అంది జెరాల్డీన్.

"ఉంటుంది," అన్నాడు మెకెల్వీ. పైవాళ్ళకు ఫోను చేశాడో లేదో ఆమె అడగలేదు. బూట్లు విప్పి లోపలికి రమ్మంది. ఈసారి ఆయన టీ తాగాడు.

ఐసు కరిగేదాకా ఆ బోర్డు అక్కడే ఉంది. జెరాల్డీనో, అటు వెళ్ళే ఇంకెవరో ఐసు చూసి మూతలు మార్చేవాళ్ళు. మరుసటి ఏడు బ్యాండ్ ఆఫీసు పెద్దలు కాస్త ధైర్యం చేసి, దారి మీద బోర్డులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనూ, మా అక్షరాల్లోనూ ఉండాలని కాంట్రాక్టులోనే పెట్టించారు. అప్పుడు కాంట్రాక్టరు ఆఫీసు నుంచి ఒకావిడ ఫోను చేసింది. మీ చుక్కల అక్షరాలు చాలా బాగున్నాయి, వాడుకుంటాం అంది. ఒకే ఒక్క మార్పు. తమ బోర్డులో వరస ఎత్తు తక్కువ, పై చుక్కలు పట్టవు, అవి తీసేస్తారట. చుక్కల్లేకుండా కూడా మీవాళ్ళు రాస్తారని ఎవరో చెప్పారట.

"రాస్తారు, ఉత్తరాల్లో," అంది జెరాల్డీన్. "మీ బోర్డు మీద చుక్క తీసేస్తే, మేకు మీద ఐసు పల్చగా ఉంది జాగ్రత్త అని ఉంటుంది. మా ముసలివాళ్ళు కింద చూసుకుంటూ నడుస్తారు."

అవతలావిడ నవ్వి, అయినా ఖర్చు చూడాలి కదండీ అంది. అయితే ఇంగ్లీషులో కూడా సగం అక్షరాలు తీసేయండి, ఖర్చు కలిసొస్తుంది, మీవాళ్ళు ఎలాగో చదువుకుంటారు అని జెరాల్డీన్ అంది. చివరికి ఎత్తు ఎక్కువున్న బోర్డులే వచ్చాయి. వాటి మీద మాటలు తక్కువ పట్టినా, ప్రతి చుక్కా పట్టింది.

వాటిని బిగించడానికి జనవరిలో ఒక మెకానిక్కు వచ్చాడు. మాటలన్నీ ఆఫీసులోనే ఎక్కించి పంపారు. అతను పొడుగు సరస్సు దగ్గర బోర్డు వెలిగించి, బాగుందా అని అడిగి, సామాను సర్దుకుని బండెక్కాడు. జెరాల్డీన్ కొంచెం దూరం వెనక్కి నడిచి, కళ్ళు చికిలించి చదివింది. అడవి దారి అన్న చోట ఒక అక్షరం తిరగబడి ఉంది. కుడికి చూడాల్సింది ఎడమకు చూస్తోంది.

ఆమె ఆ సంగతి చెబితే అతను కిటికీ అద్దం దించి, ఒక్క అక్షరమేగా, అర్థమవుతుందిగా, వచ్చే నెల వచ్చినప్పుడు మారుస్తానన్నాడు. ఆమె తన మంచుబండిని తెచ్చి అతని బండికి అడ్డంగా ఆపి, ఇంజను కట్టేసి, దాని మీద కూర్చుని, ఫ్లాస్కు మూత తీసింది. అతను హారను కొట్టాడు. ఆమె టీ పోసుకుంది. ఇంకో రెండుసార్లు కొట్టి, ఆమె రెండో కప్పు పోసుకోవడం చూసి, అతను దిగి పెట్టె తెరిచాడు. ఏ బల్బు ఆపాలో ఏది వెలిగించాలో ఆమె కూర్చున్నచోటి నుంచే చెప్పింది. పని అయ్యాక అతనికీ ఒక కప్పు ఇచ్చింది.

అదే వారంలో జేవియర్ కొత్త మంచుబండి మీద అటుగా వచ్చాడు. ఐసు అప్పటికింకా గట్టిపడలేదు. బోర్డు ముందు బండి ఆపి, దానిమీద ఉన్నదంతా మొదటినుంచి చివరిదాకా పైకి చదివాడు, దీర్ఘాలు సాగదీస్తూ. తర్వాత హ్యాండిల్ తిప్పి అడవి దారి పట్టాడు.